నేను చదవని చీటీ

తొమ్మిదేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. మోస్తున్నట్టు ఎవరికీ తెలియనివ్వలేదు. కొన్నాళ్లు నాకే తెలియనట్టు నటించాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. ముఖం చూసి చెప్పాల్సినవాళ్లకు చాలా ఆలస్యంగా చెప్పాను, ఆ సంగతికీ వస్తాను. ముందు జరిగింది జరిగినట్టు చెప్పనివ్వండి. మధ్యలో ఎక్కడైనా నన్ను నేను వెనకేసుకొస్తున్నట్టు అనిపిస్తే అక్కడ నన్ను నమ్మకండి.

నేను యూనివర్సిటీలో పాఠాలు చెబుతాను. చదువుకున్నదీ అక్కడే. క్యాంపస్ పక్కనే తార్నాకలో ఒక ఫ్లాట్‌లో ఒక్కదాన్నే ఉంటాను. మా ఇంట్లో బడి దాటి కాలేజీకి వెళ్లిన మొదటి ఆడపిల్లను. మా అమ్మకు చదువు రాదు. ఇప్పటికీ వేలిముద్రే. అందుకేనేమో పీహెచ్‌డీకి ఆ విషయం ఎంచుకున్నాను. గుండెపోటో పక్షవాతమో వచ్చినప్పుడు మగవాళ్ల కంటే ఆడవాళ్లు ఆసుపత్రికి ఎందుకు ఆలస్యంగా చేరతారు? వాళ్లలోనూ చదువు రానివాళ్లు ఎందుకు ఇంకా వెనకబడతారు? బతికి బయటపడ్డా కాలో చెయ్యో మాటో ఎందుకు వాళ్లకే ఎక్కువగా పోతుంది? నాలుగేళ్లు ఇవే ప్రశ్నలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. ఎవరేం చెప్పినా రాసుకునేదాన్ని. మంచి శ్రోతనని పేరు తెచ్చుకున్నాను.

మా డిపార్ట్‌మెంట్‌లో సత్తెమ్మ ఊడ్చేది. కాంట్రాక్టు పని. ముషీరాబాద్ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చేది, మేం వచ్చేసరికి వరండాలు తడి ఆరి ఉండేవి. నలభై దాటి ఉంటుంది. నన్ను బిడ్డా అని పిలిచేది. మక్కగారెలు చేసిన రోజు ఒక పొట్లం నా టేబుల్ మీద ఉండేది. ఒకసారి చీపురు గోడకు ఆనించి, నా కాగితాల వంక చూస్తూ "ఏం రాస్తున్నవ్ బిడ్డా గింతగనం?" అంది. "నీలాంటోళ్ల గురించే" అన్నాను. నవ్వింది. "నా గురించి రాసేతందుకు ఏమున్నది?" అంది.

నేను ఆ తప్పు చేసిన రోజుకు మూడు వారాల ముందు జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. అది చెప్పకపోతే నేను తెలియక చేశానని మీరు అనుకోవచ్చు. మా ఆఫీసు సూపరింటెండెంట్ సారు టీ తాగుతూ తాగుతూ కుర్చీలో ఒరిగిపోయారు. మూతి ఒక పక్కకు పోయింది. చేతిలో కప్పు కింద పడింది. నలుగురం పరుగెత్తాం. ఎవరిదో కారు. వెనక సీట్లో ఆయన తల నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎక్కడికి పోవాలో, గడియారం ఎందుకు చూడాలో డ్రైవింగ్ చేస్తున్న లెక్చరర్‌కు నేనే చెప్పాను. అరగంట గడవకముందే ఆసుపత్రిలో ఉన్నాం. టైముకు తెచ్చారన్నారు డాక్టర్లు, రక్తం గడ్డ కరిగించే సూది వేశారు. కొన్నాళ్లకు ఆయన తన కాళ్ల మీద తాను నడిచి ఆఫీసుకొచ్చి అందరికీ స్వీట్లు పంచారు. ఆ రోజు ఒలికిన టీ తుడిచింది సత్తెమ్మే. నా పక్కన నిలబడి లడ్డూ తింటూ "సారుది మంచి నసీబు" అంది.

నసీబు కాదని నాకు తెలుసు. ఆయన పడింది చదువుకున్నవాళ్ల మధ్య. మగవాడు, ఆఫీసరు. ఆయన ఒంట్లో బాగాలేకపోతే అది నిజమేనా అని ఎవరూ ఆగి అడగలేదు. ఇదంతా నాకు తెలుసు. నోట్సులో రాసుకున్నాను కూడా.

ఇక ఆ పొద్దున.

మధ్యాహ్నం సెమినార్. బయటి ఊళ్ల నుంచి పెద్దవాళ్లు వస్తున్నారు, నా పత్రం మొదటిది. చేతిలో ల్యాప్‌టాప్, చంకలో ఫైలు. మెట్లెక్కుతుంటే సత్తెమ్మ ఎదురొచ్చింది. ఆ రోజు చీపురు లేదు చేతిలో. రొంటిన దోపుకున్న చీటీ తీసింది.

"బిడ్డా, జర ఈ కాయిదం చూడరాదు."

"ఏంది సత్తెమ్మా?"

"నిన్న కుడిచెయ్యి పట్టు తప్పింది. చీపురు జారి పడ్డది. నోరు గూడ తిరగలే. జరసేపటికి మంచిగనే అయింది. గల్లీల డాక్టర్ తాన పోయిన."

"ఏమన్నడు?"

"గడగడ ఏందో చెప్పిండు. నాకు సమజ్ కాలే. మల్లడుగుదామంటే ఇంకొకర్ని పిలిచిండు. కాయిదంల రాసిన, చదువొచ్చినోళ్లకు చూపెట్టుకో అన్నడు. ఇంట్ల చెప్తే పరేషాన్ అయితరని చూపెట్టలే."

చీటీ తీసుకున్నాను. మడత విప్పాను. ఇంగ్లీషు రాత. అప్పుడే ఫోను మోగింది. మా గైడ్ మేడం. ఎక్కడున్నావ్, ప్రొజెక్టర్ చూసుకున్నావా అని. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని చీటీ మీద కళ్లు ఆడించాను. అడుగున మాత్రల పేర్లు కనపడ్డాయి. పైన రాసింది చదవలేదు. చదవలేదు. ఈ మాట ఇంకోలా చెప్పడానికి నాకు చేతకావడం లేదు.

"ఏంలేదు. బలహీనత. గోళీలు రాసిండు, వేసుకో."

"దవాఖానకు పోవాల్నా?"

"అక్కర్లేదు."

"పోవాల్సిన పనేం లేదంటవా బిడ్డా?"

"అక్కర్లేదన్న గద. రేపు తీరిగ్గ మొత్తం చదివి చెప్త."

చీటీ నా ఫైలులో పెట్టుకుని మెట్లెక్కాను. ఆమె మొహం తేటపడింది. అది నాకు బాగా గుర్తు. భయపడి వచ్చింది, నా మాటతో భయం తీరింది. చదువుకున్న బిడ్డ చెప్పింది కదా.

ఆ మధ్యాహ్నం నా పత్రంలో ఒక వాక్యం ఉంది. స్త్రీలు చెప్పే బాధను వినేవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు, ప్రమాదం అక్కడే మొదలవుతుంది, అని. గొంతు కొంచెం పెంచి చదివాను. చప్పట్లు కొట్టారు. ఆ సమయంలో సత్తెమ్మ చీటీ నా ముందే, ఆ కాగితాల కిందే ఉంది.

ఎందుకు చేశాను? తొందర అంటాను. ఫోను అంటాను. కానీ అదే చీటీ సూపరింటెండెంట్ సారు నా చేతికి ఇచ్చి ఉంటే? ఫోను పెట్టేసి ఉండేదాన్ని కాదా? అక్కడే మెట్ల మీద కూర్చుని రెండుసార్లు చదివి ఉండేదాన్ని కాదా? చెయ్యి పట్టు తప్పింది, నోరు తిరగలేదు అని ఆమె నోటితో చెప్పింది. అవి ఏ జబ్బు గుర్తులో ఆ భవనం మొత్తంలో నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. తెలిసిన మాటే ఆమె నోట్లోంచి వచ్చేసరికి నా చెవికి చేరలేదు. ఎందుకు చేరలేదు? తొమ్మిదేళ్లుగా ఈ ప్రశ్న నాతో పాటు తిని, నాతో పాటు పడుకుంటోంది.

మర్నాడు సెమినార్ రెండో రోజు, నేను డిపార్ట్‌మెంట్‌కు పోలేదు. ఆ మర్నాడు పోతే వరండా ఎవరో కొత్తామె ఊడుస్తోంది. సత్తెమ్మకు పక్షవాతమొచ్చిందట, పెద్ద దవాఖానలో ఉందట అని అటెండర్ చెప్పాడు. సెమినార్ రెండో రోజు పనికి రాలేక ఇంట్లోనే ఉంది, పొద్దున నీళ్లు పడుతూ పడిపోయింది. కూతురు అప్పటికే కాచిగూడలో తను పనిచేసే బట్టల షాపుకు బయల్దేరింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు పడుకోబెట్టి మజ్జిగ తాపారు. భర్త రాజయ్య డ్యూటీ నుంచి వచ్చేదాకా ఎక్కడికి తీసుకుపోవాలో ఎవరూ తేల్చలేదు. పెద్ద దవాఖానకు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. వేళ మించిపోవడంతో సారుకు వేసిన సూది ఆమెకు వేయడానికి లేకపోయింది.

ఈ ఆలస్యాన్ని చాలా ఏళ్లు అడ్డం పెట్టుకున్నాను. వాళ్లూ ఆలస్యం చేశారు కదా అని. నిజమే, చేశారు. కానీ వాళ్లకు ముందురోజే తెలిసి ఉండాల్సింది.

నా గదిలో తలుపు వేసుకుని ఫైలు తెరిచాను. చీటీ చదివాను. రాత స్పష్టంగానే ఉంది. చెయ్యి బలహీనపడి, మాట తడబడి, తిరిగి కోలుకుంది. రక్తపోటు చాలా ఎక్కువ. గుండె లయ తప్పింది. పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది. ఈరోజే పెద్దాసుపత్రిలో చేర్చుకోగలరు. ఈరోజే అన్న మాట కింద రెండు గీతలు ఉన్నాయి. మొత్తం చదవడానికి అర నిమిషం పట్టలేదు.

చీటీ బ్యాగులో పెట్టుకుని దవాఖానకు బయల్దేరాను. ఇచ్చేద్దామనే. దారంతా మాటలు కూర్చుకున్నాను. ఇవాళ్టికీ ఒట్టేసి చెప్పగలను, ఇచ్చేద్దామనే పోయాను.

వార్డులో మంచం పక్కన లలిత ఉంది. సత్తెమ్మ కూతురు. ఇరవై కూడా లేవు, పగలు షాపులో పని, ఓపెన్‌లో డిగ్రీ. నన్ను చూడగానే లేచి స్టూలు ఇచ్చింది. "మీరొస్తరని తెలుసక్కా. అమ్మ ఎప్పుడు మీ ముచ్చటే చెప్తది. మస్తు చదువుకున్న బిడ్డ, నన్ను మంచిగ చూస్తది అని." నేను బ్యాగు జిప్పు మీద చెయ్యి వేశాను. అంతలో ఆమే అడిగింది.

"గల్లీల డాక్టర్ ఒక కాయిదం రాసిచ్చిన అన్నడక్కా. ఇక్కడ పెద్ద డాక్టర్ అడిగిండు. ఇల్లంత దేవులాడినం, దొరకలే. అమ్మ మీకేమన్న చూపెట్టిందా?"

"లేదు. నాకేం చూపెట్టలే."

నా నోరే ఆ మాట అంది. నేను కూర్చుకున్న మాటలు వేరు.

సత్తెమ్మ కళ్లు తెరిచి ఉన్నాయి. కుడిపక్క మొత్తం పడిపోయింది. మాట పోయింది. వినికిడి పోలేదు. నావైపే చూసింది. ఎడమచెయ్యి కొంచెం లేపింది. దాహమైతుందేమో అని లలిత చెంచాతో నీళ్లు పోసింది. నీళ్లు పెదవి పక్కనుంచి కారిపోయాయి. "అమ్మకు చదువు రాదు గదక్కా, యాడ్నో పారేసుకున్నది" అంది లలిత, అమ్మ గడ్డం తుడుస్తూ.

ఆ సాయంత్రం క్యాంపస్‌లో లేడీస్ టాయిలెట్‌లో చీటీ చింపాను. ముక్కలు ఒకేసారి పోలేదు. మూడు మగ్గుల నీళ్లు పోయాల్సి వచ్చింది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆగలేదు. థీసిస్‌లో ఆమె గురించి రాశాను. పేరు లేకుండా, ఒకే ఒక్క అక్షరంతో. వైద్యుడు లిఖితపూర్వకంగా సూచించినా, నిరక్షరాస్యత వల్ల ఆ సూచనను అర్థం చేసుకోలేక, చీటీని పోగొట్టుకున్న మహిళ, అని. చీటీలో ఏముందో నాకెలా తెలిసిందని ఎవరూ అడగలేదు. మా గైడ్ మేడం ఆ పేజీ పక్కన పెన్సిలుతో చాలా బాగుంది అని రాశారు. వైవాలో దాన్నే మెచ్చుకున్నారు. ఉద్యోగం వచ్చింది. సదస్సులకు పిలిచేవారు. ప్రతిచోటా ఆమె కథ చెప్పేదాన్ని. జనం నిట్టూర్చేవాళ్లు. చదువు లేకపోతే ఇంతే అనేవాళ్లు. నేను తల ఊపేదాన్ని.

మొదట్లో ముషీరాబాద్ పోయి చూసొచ్చేదాన్ని. రెండో అంతస్తులో ఒకే గది. లలిత షాపు మానేసింది, డిగ్రీ మానేసింది. సత్తెమ్మకు మిగిలింది ఒకే మాట. బిడ్డ. ఏం కావాలన్నా, ఏం వద్దన్నా బిడ్డ, బిడ్డ అనేది. కూతురిని పిలుస్తోందని అందరూ అనుకున్నారు. కూతురినే కావచ్చు. కానీ నన్ను కూడా ఆమె అలాగే పిలిచేది కదా. నేనున్నప్పుడు ఆ మాట ఎవరికని అంటోందో నాకు ఎప్పటికీ తెలియదు.

రాజయ్య చెడ్డవాడేం కాదు. ఆమెను ఎత్తి కూర్చోబెట్టేవాడు, స్నానం చేయించేవాడు. కానీ విసుగొచ్చినప్పుడు అదే మాట అనేవాడు. చేతికిచ్చిన కాయిదం పారేసుకున్నవ్, గంత తెలివి లేదా, నీ బతుకు నా బతుకు ఇట్ల చేసినవ్ అని. పక్కింటివాళ్ల ముందు అనేవాడు. నా ముందూ అన్నాడు. ఆ రోజు ఆమె ఎడమచెయ్యి చాపి నా బ్యాగు వైపు చూపించింది. బిడ్డ, బిడ్డ అంది. అక్క పోతదని బ్యాగు ఇయ్యమంటుంది అని లలిత నా బ్యాగు తెచ్చి నా చేతిలో పెట్టింది. తీసుకుని మెట్లు దిగాను. మళ్లీ పోలేదు.

ఆ తర్వాత మనుషులకు దూరమయ్యాను. ఎవరైనా దగ్గరికి వస్తే భయం. మెచ్చుకుంటే ఇంకా భయం. పెళ్లి సంబంధాలు వద్దంటే చదువు గర్వం అన్నారు మా ఊళ్లో. ఆదివారాలు కిటికీ దగ్గర కూర్చుని మెట్రో రైళ్లు పోతుంటే చూస్తాను. ఒక్క అలవాటు మాత్రం వచ్చింది. ఎవరు ఏ కాగితం ఇచ్చినా మొత్తం చదువుతాను. వాచ్‌మన్ భార్య తెచ్చే రేషన్ కాగితం, మా అమ్మ మాత్రల డబ్బాలో మడిచి పెట్టిన పల్చటి కాగితం, అన్నీ. అది పరిహారం అనుకున్నారా? నేనూ కొన్నాళ్లు అనుకున్నాను. కాదు. అది భయం.

పోయినేడు వానాకాలంలో సత్తెమ్మ పోయింది. డిపార్ట్‌మెంట్‌లో ఎవరో చెబితే తెలిసింది. పోలేదు. క్లాసు ఉందని నాకు నేనే చెప్పుకున్నాను.

ఈ ఏడు ఎం.ఏ. క్లాసులో ఆ కేసు గురించి చెబుతుంటే, మూడో బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. "మేడం, ఆమెకు చదువు రాదు సరే. చదివి చెప్పమని ఎవర్నీ అడగలేదా?" అంది. తొమ్మిదేళ్లలో గైడ్ అడగలేదు. వైవాలో అడగలేదు. ఏ సదస్సులోనూ అడగలేదు. చదువు రాని మనిషి అడిగి ఉంటుందన్న ఆలోచనే ఎవరికీ రాలేదు.

"అడిగింది" అన్నాను.

"ఎవర్ని మేడం?"

పుస్తకం మూసి బయటికి వచ్చేశాను.

ఆ ఆదివారం ముషీరాబాద్ పోయాను. లలిత తలుపు తీసింది. ఇప్పుడు ఇంకో షాపులో చేస్తోందట. రండక్కా అంది. లోపలికి పోలేదు, కూర్చోలేదు. గుమ్మంలో నిలబడి మొదటి నుంచి చెప్పాను. మెట్లు, ఫోను, ఫైలు, అక్కర్లేదన్న మాట, వార్డులో ఆడిన అబద్ధం, చింపేయడం, పుస్తకంలో రాయడం. ఏదీ వదలలేదు. ఆమె తలుపు రెక్క పట్టుకుని వింది.

"మీరు లేదన్నప్పుడు అమ్మ విన్నది గదా?"

"విన్నది."

లలిత మెల్లగా, నాతో కాదన్నట్టు, "గప్పుడు చెయ్యి లేపితే నేను నీళ్లు తాపిన" అంది. ఇంకాసేపటికి "నాయినకు మీరే చెప్పున్రి. నేను చెప్ప" అని పక్కకు జరిగింది.

రాజయ్య లోపల మంచం మీద కూర్చుని ఉన్నాడు. ముసలివాడైపోయాడు. చెప్పాను. మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను.

"అయితే ఆమె పారేసుకోలేదా?"

"లేదు."

"పదిమందిల తిట్టిన" అన్నాడు. ఎదురుగా ఉన్న గోడ వైపు చూస్తూ ఉండిపోయాడు. నన్ను తిడతాడని పోయాను. తిడితే బాగుండేది. లలిత వచ్చి "ఇగ పోండ్రి. మల్ల రాకున్రి" అంది. గొంతు పెంచలేదు. నేను మెట్లు దిగుతుండగా వెనక తలుపు పడింది.

థీసిస్‌లో ఆ పేజీ అబద్ధమని, అసలు జరిగిందేమిటో వివరంగా రాసి యూనివర్సిటీకి ఇచ్చాను. ఏం చేస్తారో తెలియదు. ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. ఆ ప్రశ్న అడిగిన అమ్మాయికి జవాబు ఇంకా బాకీ ఉన్నాను. ఈ వారం క్లాసులో చెబుతాను.

ఏ మాటా ఇప్పుడు సత్తెమ్మకు వినపడదు. ఆమె తప్పు లేదని ఆమె బతికుండగా ఒక్కరూ అనలేదు. అనగలిగినదాన్ని నేనొక్కదాన్నే ఉన్నాను, అనలేదు. దీనికి క్షమాపణ ఉందని నేను అనుకోవడం లేదు. మిమ్మల్నీ అడగను. ఓదార్చకండి కూడా. ఇన్నేళ్లూ ఈ సంగతితో ఒక్కదాన్నే ఉన్నాను. ఇప్పుడు మీకూ తెలుసు. అంతవరకే చెప్పాలని వచ్చాను. గుండె మీద బరువు అక్కడే ఉంది, కానీ ఇవాళ దాన్ని దాచిపెట్టాల్సిన పని లేదు.